ఎదురుగాలిలో దుబాయ్

డిసెంబరు చివరి వారం, సాయంత్రం 5.30. శంషాబాద్‌లో విమానం తలుపులు మూసుకున్నాయి. చక్రాలకు అడ్డుపెట్టిన దిమ్మెలు తీసేశారు. కింద ఒక బండి ముందు చక్రాన్ని పట్టుకుని విమానాన్ని మెల్లగా వెనక్కి నెడుతోంది. టికెట్టు మీద వేసిన ప్రయాణ సమయం ఈ కదలికతోనే మొదలవుతుంది, నేల విడిచినప్పుడు కాదు. దుబాయ్‌లో ఆగి, చక్రాలకు మళ్ళీ దిమ్మెలు పెట్టినప్పుడు ముగుస్తుంది. విమానాల వాళ్ళు దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. ఈ సాయంత్రం మనకు రాసిపెట్టింది నాలుగు గంటలు.

మనది ఎడమవైపు కిటికీ. పక్క సీట్లో నలభై అయిదేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, కుడిచేతికి కొండగట్టు అంజన్న గుడిలో కట్టించుకున్న దారం, ఒళ్ళో చిన్న సంచి. సంచిలోంచి సకినాల వాసన వస్తోంది.

"ఏ ఊరన్నా మీది?"

"జగిత్యాల దిక్కు తమ్మీ. ఛుట్టి అయిపోయింది. మళ్ళ పోతున్న."

"ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరారు?"

"పొద్దుగాల ఎనిమిదింటికి. ఊరంత బండి దాక వచ్చింది."

ఆ తర్వాత ఆయన సంచి మీద చేతులు పెట్టుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. ఇంకా ఏమీ అడగబుద్ధి కాదు.

విమానం రన్‌వే చివరికి చేరింది. ముక్కు తూర్పుకు తిరిగింది. మనం వెళ్ళాల్సింది వాయవ్యానికి. అయినా ఇలా తూర్పుకు తిరగడానికి కారణం నేల మీది గాలి. చలికాలంలో దక్కను మీద అది ఎక్కువగా తూర్పు వైపు నుంచి వీస్తుంది. విమానం గాలికి ఎదురు నిలిచి లేస్తేనే రెక్కలకు బలం తొందరగా అందుతుంది. అందుకని మొదటి కొన్ని నిమిషాలు మనం దుబాయ్‌కి దగ్గరకాము, దూరమవుతాం. జూలైలో బయల్దేరి ఉంటే, నైరుతి గాలి పడమటి నుంచి వీస్తుంది కనుక, ఇదే రన్‌వే మీద పడమటికే పరుగు తీసేవాళ్ళం. ఈ ప్రయాణంలో గాలి పెత్తనం చేసే చోట్లలో ఇది మొదటిది.

ఇంజన్ల మోత పెరిగింది. వీపు సీటుకు అతుక్కుంది. అరనిమిషం పైన మరికొన్ని క్షణాలు. వేగం గంటకు 260 కిలోమీటర్ల ప్రాంతానికి రాగానే ముక్కు లేచింది, కింద చక్రాల చప్పుడు ఆగిపోయింది. సమయం 5.45. శంషాబాద్ నేల మీద సూర్యుడు సరిగ్గా అస్తమించే వేళ.

విమానం వంపు తిరిగి పడమటికి మళ్ళింది. ఇప్పుడు కిటికీలోంచి చూడండి. ఇందాక రన్‌వే మీద ఉండగా దిగంతానికి తాకుతూ ఉన్న సూర్యబింబం మళ్ళీ పైకి లేస్తోంది, పడమటి నుంచి. మనం ఎత్తుకు పోయేకొద్దీ దిగంతం కిందికీ దూరానికీ జరిగింది. కింద ఊళ్ళలో దీపాలు పెట్టేశారు. ఇక్కడ సీట్ల మీద ఎర్రటి ఎండ పడుతోంది. ఎడమన మసకగా కనిపిస్తున్న గుట్టలు అనంతగిరివి. మూసీ పుట్టే చోటు అదే. హైదరాబాదు వాసులు సెలవు రోజున పొద్దున్నే బయల్దేరి వెళ్ళే ఆ గుట్టలను మనం కాఫీ కప్పు అందుకునేలోపే దాటేశాం.

ముందు సీటు వెనక తెర మీద పటం వెలిగింది. హైదరాబాదు నుంచి దుబాయ్‌కి ఒక గీత. భూగోళం మీద ఈ రెండు విమానాశ్రయాల మధ్య అతి దగ్గరి దారి సుమారు 2,550 కిలోమీటర్లు. ఈ అంకె మారదు. ఎవరు కొలిచినా, ఏ కాలంలో కొలిచినా ఇంతే. నిజానికి మనం ఎగిరేది ఇంతకన్నా కొంచెం ఎక్కువ. లేచాక తిరిగిన వంపు, ఆకాశంలో గీసి ఉంచిన దారుల మలుపులు, దిగే ముందు తిరగబోయే చుట్లు, అన్నీ దీనికి కలుస్తాయి.

పక్కాయన తెర చూసి నవ్వాడు.

"ఈ టికెట్ల మీద టైము సూస్తే కొత్తోళ్ళకు సమజ్ కాదు తమ్మీ. పోయేటప్పుడు రెండున్నర గంటలే అన్నట్టు కనవడ్తది. వచ్చేటప్పుడు అయిదు గంటలు."

నిజమే. మన టికెట్టు మీద బయల్దేరేది సాయంత్రం 5.30, చేరేది రాత్రి 8.00. రెండూ ఆయా ఊళ్ళ గడియారాల ప్రకారం. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది. కాకినాడకు దగ్గరలోంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశం మన ప్రామాణిక కాలానికి ఆధారం. దుబాయ్ వాళ్ళు 60 డిగ్రీల రేఖాంశపు కాలం పాటిస్తారు. మధ్య తేడా 22.5 డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున తొంభై నిమిషాలు. రెండు ఊళ్ళ అసలు రేఖాంశాలు తీసుకున్నా తేడా 23 డిగ్రీలు, అంటే 92 నిమిషాలు. ప్రభుత్వాలు పెట్టుకున్న గడియారాలూ సూర్యుడి లెక్కా ఈ దారిలో దాదాపు కలిసిపోతాయి.

ఆ లెక్క కిటికీలో కళ్ళకు కనిపిస్తోంది. సంధ్య ఎంతకీ తగ్గడం లేదు. ఈ అక్షాంశం దగ్గర భూమి తూర్పుకు తిరిగే వేగం గంటకు దాదాపు 1,590 కిలోమీటర్లు. మనం వాయవ్యంగా పోతున్నా పడమటి దిక్కు వరకే చూస్తే గంటకు ఆరువందల కిలోమీటర్లకు పైనే. భూమి మనల్ని చీకట్లోకి తీసుకుపోతోంది, విమానం వెలుగు వైపు లాగుతోంది. గెలిచేది భూమే, కానీ ఆలస్యంగా. కింద ఊళ్ళో ఎరుపు ఎంతసేపు ఉంటుందో ఇక్కడ దానికి ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది. కాషాయం, దాని మీద పసుపు, ఆ పైన ఆకుపచ్చకూ నీలానికీ మధ్య ఒక రంగు. ఎడమన దూరంగా భీమా నది మీది ఉజని జలాశయం ఆ వెలుగంతా పట్టుకుని మెరిసింది.

36,000 అడుగులు. విమానం ఎక్కడం ఆపింది. పడమటి దిక్కుకు పోయే విమానాలకు సరిసంఖ్య ఎత్తులు: ముప్ఫై నాలుగు, ముప్ఫై ఆరు, ముప్ఫై ఎనిమిది వేలు. తూర్పుకు వచ్చేవాటికి బేసిసంఖ్యలు: ముప్ఫై అయిదు, ముప్ఫై ఏడు. వెళ్ళేవాళ్ళకూ వచ్చేవాళ్ళకూ మధ్య వెయ్యి అడుగుల ఎడం. కంటికి కనిపించని ఈ మెట్ల మీదే ఆకాశం నడుస్తోంది.

6.35 ప్రాంతంలో ఎడమన పుణె దీపాలు. మరో పది నిమిషాలకు, ఇంకా పడమటన, అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద వెలుగు. దాని ఒక అంచు కోసినట్టు తెగిపోయి, అక్కడి నుంచి నలుపు మొదలవుతోంది. పక్కాయన మన మీదుగా కిటికీలోకి వంగాడు.

"బొంబాయి గదా?"

"అవునన్నా."

"మా బాపు గిక్కడికెళ్ళే పోయిండు. ఊర్లకెళ్ళి బస్సుల బొంబాయి వచ్చి, ఏజెంటు పిలిచేదాక గల్లీలల్ల పడి ఉండేటోళ్ళట. ఒక్కోసారి నెల రోజులు. ఆడ ఇడ్లీలు అమ్మి తిండి ఎల్లదీసుకున్నడట మా బాపు."

ఉత్తర తెలంగాణ పల్లెల్లో పాతతరం గల్ఫ్ కథలన్నీ బొంబాయి మీదుగానే నడుస్తాయి. బొంబాయి నుంచి దుబాయ్‌కి విమానదూరం 1,930 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఉన్నదానికన్నా ఆరువందలు తక్కువ. పటం మీద దగ్గర. జగిత్యాల నుంచి వచ్చిన మనిషికి మాత్రం అదే ఎక్కువ దూరం. అంతకుముందు తరానికి ఇంకా దూరం. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు బొంబాయి రేవు నుంచి గల్ఫ్ రేవులకు రోజుల తరబడి నడిచేవి. వాటిలో చివరిది 'ద్వారక'. అది 1982 దాకా తిరిగింది. ఇప్పుడు కిటికీ కింద నల్లగా మొదలైన ఈ సముద్రాన్నే అది దాటేది.

దీపాలన్నీ వెనకబడ్డాయి. ఇక ఒమన్ గట్టు వచ్చేదాకా రెండు గంటలకు పైగా నీళ్ళే. అన్నం ట్రేలు వచ్చాయి. పక్కాయన ట్రే మూత తీసి, సంచిలోంచి రెండు సకినాలు తీసి మన వైపు పెట్టాడు.

"తిను తమ్మీ. మా ఇంటామె చేసింది."

నువ్వులు, వాము, కొత్త బియ్యపు పిండి. సంక్రాంతి ఇంకా రెండు వారాలు ఉంది. ఈయన కోసమే పండగ ముందుకు జరిగింది.

"ఇందాక అడుగుదామనుకున్న," అన్నాడు ఆయన. "పోయేటప్పుడు నాలుగ్గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర. మొదట్ల నేనేమనుకున్న అంటే, ఇంటికి పోతున్నమన్న సంబురానికి జల్ది అయినట్టు అనిపిస్తుందేమో అని. ఒకపారి గడియారం పెట్టి సూసిన. నిజంగనే అరగంట తక్కువ. బాట ఒక్కటే గదా, ఎందుకట్ల?"

జవాబు ఎదురుగా తెర మీదే ఉంది. నేల మీద మన వేగం గంటకు 730 కిలోమీటర్లు అని చూపిస్తోంది. ఇంజన్లలో లోపమేమీ లేదు. ఇలాంటి విమానం తన చుట్టూ ఉన్న గాలిలో గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతోనే ఎప్పుడూ పోతుంది. కాని ఆ గాలి మొత్తం ఇప్పుడు మనకు ఎదురుగా వస్తోంది. గోదావరిలో పడవవాడు ఎంత బలంగా తెడ్డు వేసినా, ఎగువకు పోతుంటే గట్టు మీది చెట్లు నెమ్మదిగానే వెనక్కి జరుగుతాయి. మనం ఇప్పుడు ఎగువకు పోతున్నాం.

లెక్క వేసి చూద్దాం. గాలి అసలు లేకపోతే 2,550 కిలోమీటర్లకు 830 వేగంతో మూడు గంటల నాలుగు నిమిషాలు. సగటున గంటకు 90 కిలోమీటర్ల గాలి ఎదురొస్తే నేల మీద వేగం 740. అప్పుడు మూడు గంటల ఇరవై ఏడు నిమిషాలు. అదే గాలి తిరుగు ప్రయాణంలో వెనక నుంచి తోస్తే వేగం 920, సమయం రెండు గంటల నలభై ఆరు నిమిషాలు. తేడా దాదాపు నలభై నిమిషాలు. రన్‌వేకి నడిచే సమయమూ ఎక్కే దిగే సమయమూ రెండు వైపులా కలిపితే, ఆ నాలుగు గంటలూ ఆ మూడున్నరా వస్తాయి. పక్కాయన గడియారం తప్పు చెప్పలేదు.

ఆ లెక్కలోనే ఇంకో సంగతి దాగి ఉంది. పోయేటప్పుడు గాలి తినేసింది దాదాపు ఇరవై మూడు నిమిషాలు. వచ్చేటప్పుడు తిరిగి ఇచ్చేది పద్దెనిమిదే. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, తోడుగాలిలో తక్కువసేపు ఉంటాం. అందుకని రాకపోకలు రెండూ కలిపితే గాలి ఎప్పుడూ కొంత మిగుల్చుకుంటుంది. దాన్ని ఇంధనంతో కట్టాలి. ఎయిర్‌బస్ 320 తరగతి విమానం గంటకు సుమారు రెండున్నర టన్నుల ఇంధనం కాలుస్తుంది. ఈ రాత్రి ఎదురుగాలికి మనం కడుతున్నది దాదాపు తొమ్మిదివందల కిలోలు. బయల్దేరక ముందే గాలి అంచనాలు చూసి ఏ దారిన, ఏ ఎత్తున పోవాలో నిర్ణయించేవాళ్ళు సంస్థల్లో ఉంటారు. వాళ్ళకు పటం మీది కిలోమీటర్ల కన్నా గాలి బాణాలే ముఖ్యం.

ఈ గాలి ఎక్కడిది? చలికాలంలో ఉత్తరాన ఆసియా ఖండం చల్లబడుతుంది, దక్షిణాన సముద్రం వెచ్చగానే ఉంటుంది. ఈ రెంటి మధ్య వేడిమి తేడా వల్ల పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఒక గాలిప్రవాహం పరుగెడుతుంది. దాని నడిమి ధార ఉత్తర భారతం మీద ఉంటుంది. దక్షిణపు అంచు మన దారి మీద పడుతుంది. అందుకే హైదరాబాదు దగ్గర గాలి కొంచెం మెత్తగా ఉంది, అరేబియా వైపు ఉత్తరానికి జరిగేకొద్దీ గట్టిపడుతోంది.

కింద నీటి మీద గాలి దీనికి సరిగ్గా వ్యతిరేకం. చలికాలంలో అరేబియా సముద్రం మీద ఈశాన్యపు గాలి వీస్తుంది, మన గట్టు నుంచి అరబ్బు గట్టుకు. తెరచాప ఓడల కాలంలో ఇటు నుంచి అటు పోయేవాళ్ళకు ఇదే మంచి అదను. నైరుతి వచ్చాక గాలి తిరగబడి అటు నుంచి ఇటు తోసేది. శతాబ్దాల పాటు ఈ సముద్రం మీద రాకపోకలు ఆ రెండు రుతువుల మీదే నడిచాయి. కింద ఓడను ముందుకు తోసే కాలంలో పైన విమానాన్ని గాలి వెనక్కి పట్టి ఉంచుతుంది. ఒకే సముద్రం, ఒకే రాత్రి, రెండు అంతస్తుల్లో రెండు గాలులు.

వానాకాలంలో రెండు అంతస్తులూ ఒకేసారి తిరగబడతాయి. కింద నైరుతి. పైన, ఎండకు వేడెక్కిన టిబెట్ పీఠభూమి వల్ల తూర్పు నుంచి పడమటికి మరో ధార. దక్షిణ భారతం మీద పద్నాలుగు, పదహారు కిలోమీటర్ల ఎత్తున ప్రవహించే ఆ తూర్పు గాలిని గుర్తించి, రుతుపవనాలతో దానికున్న సంబంధాన్ని ప్రపంచం ముందు పెట్టినవాడు తెలుగువాడైన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఆయన పరిశోధనపత్రం 1958లో వెలువడింది. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. విమానాలు ఎగిరే ఎత్తు ఆ ధారకు కింద ఉంటుంది. అయినా దాని అంచు తగులుతుంది. అందుకే జూలైలో ఇదే దారిన పోతే, పోయే సమయానికీ వచ్చే సమయానికీ మధ్య ఉన్న ఈ అరగంట తేడా బాగా తగ్గిపోతుంది. మన ఊళ్ళ మీద వాన కురిపించే వ్యవస్థలో ఆ తూర్పు ధార ఒక భాగం. ఆ వాన సరిగా పడని పల్లెల నుంచే ఇలాంటి విమానాలు నిండుతున్నాయి.

"అంటే గాలే గదా," అన్నాడు ఆయన. కాసేపు ఆలోచించాడు. "పోయేటోన్ని ఆపుతది, వచ్చేటోన్ని తోల్తది. మంచి గాలే."

అప్పుడు కనిపించింది. కిటికీ బయట, కొంచెం పైన, ఎదురుగా తెల్లటి దీపం టకటకా వెలిగి ఆరుతూ వస్తోంది. తూర్పుకు పోయే విమానం, మనకన్నా వెయ్యి అడుగుల ఎత్తున. మన వేగం 740, దానిది 920. రెండూ కలిపి గంటకు 1,660 కిలోమీటర్లతో ఒకదాని వైపు ఒకటి. చూశాం అనుకునేలోపే వెనక్కి పోయింది. అందులో ఎంతమంది ఛుట్టి మీద ఇంటికి పోతున్నారో. వాళ్ళ వీపు వెనక ఇదే గాలి ఉంది.

తొమ్మిది కావస్తోంది, మన గడియారంలో. ఈ దారిలో విమానాల చరిత్ర మరీ పాతదేమీ కాదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా చిన్న పస్ మాత్ విమానంలో తపాలా సంచులతో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి ఎగిరాడు. అదే ఏడాది బ్రిటన్‌కు చెందిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్, దుబాయ్‌ని ఆనుకుని ఉన్న షార్జాలో విమానాలు దింపడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి గ్వాదర్ మీదుగా కరాచీకి. గల్ఫ్ నుంచి వచ్చే తపాలా కరాచీలో టాటా విమానం ఎక్కేది. అప్పటి విమానాలు గంటకు నూటయాభై చిల్లర కిలోమీటర్లు పోయేవి. ఈ రాత్రి మనకు ఎదురొస్తున్న గాలి వేగం వాటి వేగంలో సగానికి పైనే. అవి ఈ ఎత్తుకు రాలేకపోవడం ఒక రకంగా వాటి అదృష్టం.

చెవులు దిబ్బడ వేశాయి. ఇంజన్ల మోత సన్నబడింది. ఇంకా రెండువందల కిలోమీటర్లు ఉండగానే విమానం దిగడం మొదలైంది. ప్రతి వెయ్యి అడుగులకూ మూడు నాటికల్ మైళ్ళ చొప్పున ముందుగా దిగాలని పైలట్ల మోటు లెక్క. ముప్ఫై ఆరు వేల అడుగులకు నూట ఎనిమిది నాటికల్ మైళ్ళు, అంటే సరిగ్గా రెండువందల కిలోమీటర్లు. కింద ఒమన్ సింధుశాఖలో నిలిచిన ఓడల దీపాలు. ఆ తర్వాత గట్టు వెంట పలుచగా వెలుగు. దాన్ని దాటగానే దీపమన్నదే లేని కటిక నలుపు. అవి హజర్ కొండలు, చెట్లు అరుదైన రాతి కొండలు. వాటి అవతల ఒక్కసారిగా ఎడారి మీద నారింజ రంగు వీధులు తాళ్ళు పట్టి గీసినట్టు నిటారుగా మొదలయ్యాయి.

దుబాయ్ కళ్ళ ముందే ఉంది. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా దీపాలు దూరం నుంచే తెలుస్తున్నాయి. కాని విమానం వాలింది, తిరిగింది, మళ్ళీ తిరిగింది. మన ముందు దిగాల్సినవి ఉన్నాయి. గాలిలో ఒక చుట్టు, నాలుగైదు నిమిషాలు. టికెట్టు మీద వేసిన సమయంలో ఇలాంటి చుట్లకు కూడా ముందే చోటు ఉంచుతారు. అందుకే ఒక్కోసారి విమానం 'ముందే వచ్చింది' అంటారు. చుట్టు తిరగాల్సిన పని ఆ రోజు పడలేదు, అంతే.

చక్రాలు నేలను తాకాయి. మన లెక్కన రాత్రి 9.20. మూడు గంటల ముప్ఫై అయిదు నిమిషాలు గాలిలో ఉన్నాం. మరో పది నిమిషాలకు విమానం ఆగింది, చక్రాలకు దిమ్మెలు పడ్డాయి. నాలుగు గంటలు, చెప్పినట్టే. ఫోన్లు తెరవగానే అంకెలు వెనక్కి గెంతాయి: 8.00. నడవా నిండా మనుషులు నిలబడ్డారు. పక్కాయన పై అర నుంచి సంచి దింపి, ముందు ఇంటికి ఫోన్ చేశాడు.

"దిగిన. ఆ, తిన్న. పిల్లలు పండుకున్నరా? నువ్వు పండుకో ఇగ."

ఇక నేల మీద నడక. పొడవాటి దారులు, తరవాత పాస్‌పోర్టు వరస. ఆయన పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర ఉంది. పదో తరగతి దాటని మనిషి గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి. ఆ ముద్ర ఉన్న పాస్‌పోర్టును మన దేశం దాటేటప్పుడు అధికారులు మరోసారి తిప్పి చూస్తారు. ఆ తర్వాత సామాను బెల్టు. నైలాను తాడు మూడు చుట్లు చుట్టి, మీద మార్కర్‌తో పేరు రాసిన అట్టపెట్టె వచ్చేదాకా ఆయన కళ్ళు దాని మీదే. అందులో మామిడి తొక్కు, పసుపు, కారం, గదిలో ఉండే మరో ముగ్గురికి వాళ్ళ ఇళ్ళ నుంచి పంపిన పొట్లాలు ఉన్నాయి.

బయట కంపెనీ బస్సు ఉంది. ఇంకో రెండు విమానాల మనుషులు రావాలట, అప్పటిదాకా కదలదు. ఆయన క్యాంపు గదిలో సంచి దింపేసరికి ఇండియా లెక్కన పదకొండున్నర అవుతుంది. పొద్దున ఎనిమిదింటికి గడప దాటిన మనిషి.

ఆ పదిహేనున్నర గంటలను విడదీసి చూడాలి. గాలిలో ఉన్నది మూడు గంటల ముప్ఫై అయిదు నిమిషాలు. మిగిలిన దాదాపు పన్నెండు గంటలు నేల మీదివి. జగిత్యాల నుంచి రెండువందల కిలోమీటర్లకు పైగా రోడ్డు. ఉత్తరం నుంచి వచ్చేవాళ్ళు నగరాన్ని దాటుకునో, ఔటర్ రింగు రోడ్డు మీద చుట్టి వచ్చో దక్షిణాన ఉన్న శంషాబాద్ చేరాలి. విమానానికి మూడు గంటల ముందే రావాలన్న నియమం, దారిలో ఏమవుతుందోనన్న భయంతో దానికి ఇంకో గంట. వరసలు, బెల్టులు, నిండేదాకా కదలని బస్సు. 2,550 కిలోమీటర్ల ఆకాశాన్ని మూడున్నర గంటల్లో దాటించగలిగాం. గడప నుంచి విమానం మెట్ల దాకా, విమానం మెట్ల నుంచి మంచం దాకా ఉన్న దూరాన్ని మాత్రం అలాగే వదిలేశాం.

రెండు ఊళ్ళ మధ్య దూరం ఎంత అంటే మనం కిలోమీటర్లు చెబుతాం, విమానం ఎంతసేపు అంటే గంటలు చెబుతాం. ఆ కిలోమీటర్లు భూమివి, వాటిని ఎవరూ తగ్గించలేరు. ఆ అరగంట తేడా గాలిది, దాన్నీ ఎవరూ ఆపలేరు. మిగిలిన పన్నెండు గంటలు మాత్రం మనుషులు పెట్టినవి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ బస్టాండుల నుంచి విమానాల వేళలకు సరిపడా, సామానుకు చోటుండే బస్సులు నేరుగా శంషాబాద్ తలుపు దగ్గర ఆగితే రెండు గంటలు మిగులుతాయి. వరసలో పదో తరగతి చదవని మనిషికి అర్థమయ్యే భాషలో ఒకరు దారి చూపిస్తే ఒక గంట. క్యాంపు బస్సు ఒక వేళకు కదిలితే మరో గంట. రెండేళ్లకోసారి దొరికే ఛుట్టిలోంచి కోసుకుపోతున్న గంటలివి. ఇంట్లో పిల్లలతో గడపాల్సినవి. గాలితో బేరం లేదు కాని, వీటి కోసం అడగవచ్చు. అడగాలి కూడా.